ఫెసిలిటీస్ ఇంజనీరుగా చేరాను, ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోవడం లేదు

కొత్త_రెంచి
మెకానికల్ చదివి కోనసీమ తీరం వైపు ఒక గ్యాస్ టెర్మినల్‌లో ఫెసిలిటీస్ ఇంజనీరుగా చేరాను. సంస్థ పేరు అడగవద్దు. చేరగానే ఒక బీరువా చూపించి "అన్నీ అందులోనే ఉన్నాయి, చదువుకో" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే అన్నీ ఉన్నాయి. డిజైన్ బేసిస్, డ్రాయింగులు, వెండర్ మాన్యువల్స్, ఎప్పటివో హాజోప్ (ప్రమాదాలను ముందే ఊహించి చూసే సమీక్ష) నివేదికలు. చదివే కొద్దీ అయోమయం పెరుగుతోంది. మీటింగులో ఎస్‌డీవీ, బీడీవీ, స్లగ్ క్యాచర్, ఎమ్మెమ్మెస్సీఎండీ అని గడగడా దొర్లిపోతుంటే తల ఊపుతూ కూర్చుంటున్నాను. మా వాళ్లను అడిగితే "అది ప్రాసెస్ వాళ్లది" అంటారు. ప్రాసెస్ వాళ్లను అడిగితే "నువ్వు మెకానికల్ కదా, నీకెందుకు" అంటారు. రిగ్గుల మీద, రిజర్వాయర్ మీద పుస్తకాలు బోలెడున్నాయి. బావి తలకాయ నుంచి అమ్మకపు మీటరు దాకా మధ్యలో ఉన్న మా బతుకు గురించి ఎవరూ రాసినట్టు లేదు. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

చోక్_వాల్వ్
ముందు చుట్టాలకు ఏమని చెప్పుకోవాలో నేర్చుకోండి. నేను గ్యాస్ ప్లాంటులో చేరానని తెలియగానే మా పెద్దత్త గ్యాస్ బండ తొందరగా వచ్చేలా చూడమంది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

మస్కట్_బాబాయి
బీరువాకు తాళం వేసి తాళంచెవి వాళ్లకే ఇచ్చేయి బాబూ. ఒకే ఒక్క పీ అండ్ ఐడీ తీసుకో, అంటే పైపులూ వాల్వులూ మీటర్లూ గీసిన డ్రాయింగు. గ్యాస్ లోపలికి వచ్చే చోటుది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పి యార్డులోకి నడువు. కాగితం మీది గీతను పట్టుకుని అసలు పైపు వెంట పోవాలి. వాల్వు కనిపిస్తే ఆగు. దాని ట్యాగ్ నంబరు చూడు, కాగితంతో పోల్చు. చెయ్యి ఎటు తిరుగుతుంది, పైకి ఎక్కడానికి మెట్లున్నాయా, గేజ్ ఎవరికి కనిపించేలా పెట్టారు, డ్రెయిన్ ఎటు పోతోంది, అన్నీ చూడు.

ప్రతి వాల్వు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకో: దీన్ని ఇప్పుడు మూసేస్తే ఒత్తిడి ఎక్కడ పేరుకుంటుంది, ఏది దాన్ని కాపాడుతుంది? జవాబు తెలిస్తే ముందుకు పో. తెలియకపోతే ఆ నంబరు రాసుకో, సాయంత్రం అడుగు. వాల్వు మీద మాత్రం చెయ్యి వెయ్యకు. రోజుకు ఒక్క షీటు చాలు. ఒమన్‌లో నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రవాడినీ ఇలాగే తిప్పాను. చెప్పులరిగేలా తిరిగినవాడే నిలబడ్డాడు.

నైట్_షిఫ్ట్
బాబాయి చెప్పిందానికి ఒక చేర్పు. మే నెలలో పదకొండు గంటలకు కాదు, పొద్దున్నే వెళ్లండి.

లేఖ_డిజైన్
మస్కట్ బాబాయి గారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఏది ఎందుకుందో తెలియకుండా యార్డులో తిరిగితే అది పైపుల అడవి, అంతే. నేను హైదరాబాదులో డిజైన్ ఆఫీసులో పని చేస్తున్నాను. సైట్ నుంచి వచ్చే కొత్తవాళ్లకు వాల్వు నంబర్లన్నీ నోటికి వస్తాయి. ఆ పాత్ర (వెసెల్) అక్కడ ఎందుకుంది అని అడిగితే దిక్కులు చూస్తారు.

పీ అండ్ ఐడీ కన్నా ముందు ప్రాసెస్ ఫ్లో డయాగ్రమ్ చూడండి. దాని అడుగునే హీట్ అండ్ మెటీరియల్ బ్యాలెన్స్ పట్టిక ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద డబ్బాలు గీసుకోండి. మీలాంటి తీర టెర్మినల్‌లో వరస చాలావరకు ఇలాగే ఉంటుంది. సముద్రం నుంచి వచ్చే లైను, ఒక్కసారిగా ముంచుకొచ్చే ద్రవాన్ని పట్టే స్లగ్ క్యాచర్, గ్యాస్‌నూ నూనెనూ నీటినీ విడదీసే సెపరేటర్, నీటి ఆవిరి తీసే గ్లైకాల్ యూనిట్, అవసరమైతే హైడ్రోకార్బన్ డ్యూ పాయింట్ (గ్యాస్‌లోంచి ద్రవం విడిపోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సరిచేసే యూనిట్, మీటరింగ్, అమ్మకపు పైపులైను. పక్కగా కండెన్సేట్‌కు (గ్యాస్ నుంచి విడే తేలిక నూనె) ఒక దారి, నీటికి ఒక దారి, ఫ్లేర్‌కు (వదిలే గ్యాస్‌ను కాల్చే మంట గొట్టం) ఒక దారి. ప్రతి గీత మీదా ఒత్తిడి, ఉష్ణోగ్రత, ప్రవాహం రాయండి. ఎక్కడైనా అంకె ఒక్కసారిగా మారితే అక్కడ ఆగి కారణం వెతకండి.

ఒక ఉదాహరణ. 100 బార్ గ్యాస్‌ను వాల్వు దగ్గర 60 బార్‌కు దించారనుకోండి. బయటి నుంచి ఎవరూ చల్లబరచకపోయినా అది చల్లబడుతుంది. సహజవాయువుకు చేతిలెక్కగా బార్‌కు అర డిగ్రీ వేసుకోవచ్చు. అంటే 20 డిగ్రీలు. 35 దగ్గర లోపలికి వచ్చింది 15 దగ్గర బయటికి వస్తుంది. అందులో నీరు ఉంటే ఆ ఒత్తిడి దగ్గర హైడ్రేట్ (నీరూ గ్యాసూ కలిసి కట్టే మంచులాంటి గడ్డ) కట్టే ప్రమాదం ఉంది. సున్నాకు చాలా పైనే గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది! అందుకే ఆ వాల్వుకు ముందు మెథనాల్ లేదా గ్లైకాల్ ఇంజెక్షన్ పాయింటు ఉంటుంది. ఇది తెలిశాక వెళ్లి చూస్తే ఆ సన్నటి పైపు కంటబడుతుంది. తెలియకపోతే దాన్ని దాటుకుని నడిచిపోతారు.

పానెల్_సూరి
లేఖ గారు చెప్పిన వాల్వును ఎండాకాలం మధ్యాహ్నం చూడాలి. ఊరంతా నలభై డిగ్రీల్లో ఉడికిపోతుంటే దాని ఒంటి నిండా తెల్లటి మంచు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దాని పక్కన నిలబడి ఫోటో దిగుదామని చూస్తాడు. ప్లాంటులోకి ఫోను తేకూడదని అప్పుడే తెలుసుకుంటాడు.

మస్కట్_బాబాయి
లేఖమ్మా, డబ్బాలు గీయవద్దని నేను అనలేదు. గీసిన డబ్బాలు పట్టుకుని ఆఫీసులోనే ముసలివాళ్లైపోయినవాళ్లను చూశాను కాబట్టి చెప్పాను.

లేఖ_డిజైన్
సైట్‌లోనే ముసలివాళ్లై సెపరేటర్‌లో నీరు ఎందుకు విడిపోతుందో చెప్పలేనివాళ్లను నేను చూశాను బాబాయి గారూ. లెక్క సరిపోయింది.

హైసిస్_హరి
ఇద్దరూ పాతకాలం మాటలే చెబుతున్నారు. సిమ్యులేటర్ నేర్చుకుంటే అన్నీ వచ్చేస్తాయి. మొత్తం ప్లాంటును హైసిస్‌లో కట్టి అంకెలు మార్చి చూడవచ్చు. మీ కంపెనీకి లైసెన్సు ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టండి.

లేఖ_డిజైన్
హరీ, సిమ్యులేటర్‌లో సెపరేటర్ ఆదర్శ పాత్ర. నూనెలో నీటి చుక్క ఉండదు, గ్యాస్‌తో నూనె ఎగిరిపోదు. అసలు పాత్రలో ఎమల్షన్ (నూనె, నీరు కలిసిపోయిన జావ) ఉంటుంది, ఇసుక ఉంటుంది, గ్యాస్‌లోని చుక్కలను పట్టే డెమిస్టర్ సగం కొట్టుకుపోయి ఉంటుంది. ముందు చేత్తో లెక్క వెయ్యడం రావాలి. రోజుకు 8,000 బ్యారెళ్ల ద్రవం వస్తోందనుకోండి. బ్యారెల్‌కు 159 లీటర్లు, అంటే 1,272 ఘనపు మీటర్లు, నిమిషానికి దాదాపు 0.88. పాత్రలో ద్రవానికి నాలుగు ఘనపు మీటర్ల చోటుంటే అది అందులో నిలిచేది నాలుగున్నర నిమిషాలు. తేలిక నూనెకు మూడు ఫేజుల సెపరేటర్‌లో మూడు నుంచి ఐదు నిమిషాలు చాలని ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణం 12జే సూచిస్తుంది. అంటే ఇది గట్టెక్కింది. రేపు ప్రవాహం రెట్టింపైతే గట్టెక్కదు. దీనికి కాలిక్యులేటర్ కూడా ఎక్కువే.

హైసిస్_హరి
ఒప్పుకున్నాను. అయినా ఫేజ్ ఎన్వలప్ (ఏ ఒత్తిడి, ఉష్ణోగ్రతల్లో గ్యాసూ ద్రవమూ కలిసి ఉంటాయో చూపే పటం) చేత్తో గీయమని మాత్రం అనకండి.

లేఖ_డిజైన్
అనను. దానికి సిమ్యులేటరే దిక్కు.

ఇన్‌స్ట్రుమెంట్_పద్మ
యూనిట్ల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మన దగ్గర ఒకే ప్లాంటులో ఒక గేజ్ కేజీ పర్ సెంటీమీటర్ స్క్వేర్‌లో, ఇంకోటి బార్‌లో, అమెరికా నుంచి ఒకే చట్రం మీద కట్టి వచ్చిన స్కిడ్ మీదది పీఎస్ఐలో ఉంటాయి. ఒక కేజీ అంటే 14.2 పీఎస్ఐ, 0.98 బార్. ఆ తేడా చిన్నదే. అసలు దెబ్బ గేజ్ ఒత్తిడికీ ఆబ్సల్యూట్ ఒత్తిడికీ మధ్య పడుతుంది. కంప్రెసర్ సక్షన్ 3 బార్ గేజ్, డిశ్చార్జ్ 11 బార్ గేజ్. నిష్పత్తి ఎంత? పదకొండును మూడుతో భాగిస్తే 3.67 వస్తుంది, అది తప్పు. వాతావరణ ఒత్తిడి కలిపి 12ను 4తో భాగించాలి, 3 వస్తుంది. ఈ తేడాతోనే ఉష్ణోగ్రత లెక్క అంతా అటూ ఇటూ అవుతుంది.

గ్యాస్ ప్రవాహం ఇంకో గోల. ఇక్కడ ఎమ్మెమ్మెస్సీఎండీ, అంటే రోజుకు మిలియన్ ప్రామాణిక ఘనపు మీటర్లు. గల్ఫ్‌లో, అమెరికాలో ఘనపుటడుగుల్లో చెబుతారు. 1 ఎమ్మెమ్మెస్సీఎండీకి 35.3 మిలియన్ ఘనపుటడుగులు. అక్కడ ఎమ్ ఒక్కటే ఉంటే వెయ్యి, రెండుంటే మిలియన్. అది గుర్తుపెట్టుకుంటే మీటింగులో సగం గండం తీరినట్టే.

కొత్త_రెంచి
పద్మ గారూ, ఇది ప్రింటు తీసి టేబుల్ మీద అంటించాను. మరి ఎస్‌డీవీ, బీడీవీ సంగతి? రెండూ యాక్చుయేటర్ ఉన్న బాల్ వాల్వులే కదా, చూడటానికి ఒకేలా ఉన్నాయి.

ఇన్‌స్ట్రుమెంట్_పద్మ
గాలి పోతే ఏమవుతుందో అడగండి, తేడా తెలుస్తుంది. ఎస్‌డీవీ షట్‌డౌన్ వాల్వు. ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ పోతే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది, కొత్త గ్యాస్ లోపలికి రాదు. బీడీవీ బ్లోడౌన్ వాల్వు. అది గాలి పోతే తెరుచుకుంటుంది, లోపలున్న గ్యాస్ ఫ్లేర్‌కు పోతుంది. డ్రాయింగు మీద పక్కనే ఎఫ్‌సీ (ఫెయిల్ క్లోజ్), ఎఫ్‌ఓ (ఫెయిల్ ఓపెన్) అని ఉంటుంది చూడండి. మంటల్లో చిక్కుకున్న పాత్ర ఉక్కు మెత్తబడక ముందే ఒత్తిడి దిగిపోవాలి. అందుకే 15 నిమిషాల్లో డిజైన్ ఒత్తిడిలో సగానికో, 7 బార్‌కో దించాలనే లెక్క ఏపీఐ 521 నుంచి వచ్చింది.

మీకు ఇంకో ఇంటిపని. ఎక్కువ ఒత్తిడి సెపరేటర్ అడుగు నుంచి తక్కువ ఒత్తిడి పాత్రకు పోయే లెవెల్ కంట్రోల్ వాల్వు మీ ప్లాంటులో ఎక్కడుందో వెతకండి. పై పాత్ర 70 బార్‌లో ఉంటుంది, కింది పాత్ర 10 బార్‌కే కట్టి ఉంటుంది. మధ్యలో ఆ ఒక్క వాల్వే. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ద్రవమంతా దిగిపోయి, వెనకాలే 70 బార్ గ్యాస్ కింది పాత్రలోకి దూకుతుంది. దాన్నే గ్యాస్ బ్లోబై అంటారు. కింది పాత్ర మీది పీఎస్‌వీని (ఒత్తిడి మించితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు) ఆ గ్యాస్ మొత్తాన్ని వదలగలిగేంత పెద్దదిగా లెక్కకట్టారా అన్నది పాత నివేదికల్లో చూడండి. ఆ బీరువా దీనికైనా పనికొస్తుంది.

మస్కట్_బాబాయి
శభాష్ పద్మా. కొత్త వాల్వు తెప్పించేటప్పుడు దాని సైజు పెంచి పారేస్తారు. కింది పీఎస్‌వీ గురించి ఎవరూ ఆలోచించరు. వాల్వు సీవీ (దాని గుండా ఎంత ప్రవాహం పోగలదో చెప్పే అంకె) మారితే బ్లోబై లెక్క మళ్లీ వెయ్యాల్సిందే.

పానెల్_సూరి
నేను ఇంజనీరును కాదు, పానెల్ ఆపరేటర్‌ను. ఐటీఐ చేసి ఫీల్డులో మొదలుపెట్టి బోర్డు దాకా వచ్చాను. ఇంజనీర్లకు ఒక చిన్న సంగతి చెబుతాను.

సెపరేటర్ పక్కన నిలువుగా ఒక లావు గొట్టం ఉంటుంది, బ్రైడిల్ అంటాం. దానికే గేజ్ గ్లాసూ, దానికే లెవెల్ ట్రాన్స్‌మిటరూ తగిలించి ఉంటాయి. కింది ట్యాపింగులో ఇసుకో మైనమో చేరిందంటే గొట్టంలో ద్రవం కదలకుండా నిలిచిపోతుంది. పాత్రలో లెవెల్ పడిపోతున్నా గ్లాసులో గీత కదలదు. తెర మీద కూడా కదలదు. కొత్త ఇంజనీరు వచ్చి "గ్లాసూ ట్రాన్స్‌మిటరూ ఒకటే చూపిస్తున్నాయి, బాగానే ఉంది" అని రాసుకుని పోతాడు. రెండూ ఒకే గొట్టం నుంచి చూస్తున్నాయి కదండీ, రెండూ ఒకటే అబద్ధం చెబుతాయి.

అలాంటప్పుడు ఫీల్డు ఆపరేటర్ గ్లాసుకు ఉన్న డ్రెయిన్‌ను క్లోజ్డ్ డ్రెయిన్‌లోకి కొద్దిగా తెరిచి మూస్తాడు. గ్లాసు ఖాళీ అయ్యాక లెవెల్ చకచకా వెనక్కి వస్తే దారి బాగున్నట్టు. నీరసంగా పాకుతూ వస్తే అనుమానించాలి. ఇక తెర మీద గీత ఎప్పుడూ కొంచెం వణుకుతూ ఉండాలి. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

లేఖ_డిజైన్
సూరి గారూ, ఇది మా ఆఫీసులో అందరికీ చదివి వినిపిస్తాను. గ్లాసుకూ ట్రాన్స్‌మిటర్‌కూ వేరువేరు నాజిల్స్ అడిగితే ఖర్చు దండగని కొట్టేస్తుంటారు.

చోక్_వాల్వ్
సూరి గారికి నిద్ర పట్టకపోవడం షిఫ్టులో అయితే మంచిదే.

పానెల్_సూరి
అది మీ ప్లాంటు సంప్రదాయం అయి ఉంటుంది.

విశాఖ_పెట్రో
నేను ఇంకా విద్యార్థిని. లైను సైజు ఎలా తేలుస్తారో చెప్పండి. క్లాసులో ఏపీఐ 14ఈ సూత్రం ఒక్కటి చెప్పి వదిలేశారు.

హైసిస్_హరి
దాన్ని మించింది లేదు. వేగం పరిమితి సమానం 100 భాగించు సాంద్రత వర్గమూలం, అడుగుల్లో. మీటర్లలో అయితే 122. గ్యాస్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలుంటే సెకనుకు దాదాపు 19 మీటర్లు. అది దాటకుండా పైపు తీసుకుంటే సరి.

తుప్పు_శాస్త్రి
సరి కాదు! ఆ సూత్రంలో ఇసుక ఎక్కడుంది? తుప్పు ఎక్కడుంది? లోహం ఏమిటన్నది ఎక్కడుంది? ఒక్క సాంద్రత తప్ప ఏమీ లేదు. ఇసుక లేని, తుప్పు పట్టించని ప్రవాహానికి అది అతి జాగ్రత్త. ఇసుక ఉన్న బావికి అదే సూత్రం ప్రాణాంతకం, పరిమితి లోపలే ఉన్నా ఎల్బో అరిగిపోయి చిల్లు పడుతుంది. స్టెయిన్‌లెస్‌కూ కార్బన్ స్టీల్‌కూ ఒకే 100 వేసేవాళ్లను చూస్తే నా బీపీ పెరుగుతుంది. ఇసుక ఉందంటే డీఎన్‌వీ వాళ్ల ఆర్‌పీ ఓ501 తీసి అరుగుదల లెక్క వెయ్యాలి.

మస్కట్_బాబాయి
శాస్త్రి చెప్పింది నిజమే కానీ, మొదటి అంచనాకు 14ఈ చాలు. విద్యార్థిని భయపెట్టకు. ప్రెషర్ డ్రాప్, శబ్దం, స్లగ్గింగ్ కూడా చూసుకోవాలి అమ్మా. ఒక్క సూత్రంతో పైపు తేలదు.

తుప్పు_శాస్త్రి
భయపెట్టాలి బాబాయి గారూ. ఈ రంగంలో లోహం గురించి భయం లేకపోతే ఏమవుతుందో కజకిస్తాన్‌ను అడగండి. కాషగాన్ చమురుక్షేత్రం 2013 సెప్టెంబరులో మొదలైంది, వారాలు తిరగకుండానే పైపులైన్లలో పగుళ్లు కనిపించాయి. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ విపరీతం. సల్ఫైడ్ స్ట్రెస్ క్రాకింగ్, అంటే ఆ వాయువు వల్ల లోహం పెళుసై పగలడం. పైపులైన్లన్నీ మార్చి 2016లో గానీ మళ్లీ మొదలుపెట్టలేకపోయారు. హెచ్2ఎస్ పాక్షిక ఒత్తిడి 0.05 పీఎస్ఐ దాటితే లోహాల ఎంపికకు నేస్ ఎంఆర్0175 నిబంధనలు వర్తిస్తాయి. అది చాలా చిన్న అంకె. 1,000 పీఎస్ఐ లైనులో 50 పీపీఎం ఉంటే చాలు, అక్కడికి చేరుకున్నట్టే.

నైట్_షిఫ్ట్
మన గోదావరి గ్యాస్ చాలావరకు స్వీట్ (హెచ్2ఎస్ దాదాపు లేనిది) కదా శాస్త్రి గారూ?

తుప్పు_శాస్త్రి
హెచ్2ఎస్ తక్కువ కావచ్చు. కార్బన్ డయాక్సైడూ నీరూ చాలవా? ఆ రెండూ కలిస్తే కార్బన్ స్టీల్ అడుగు భాగం మెల్లగా తినుకుపోతుంది.

లంకల_కుర్రాడు
చాలు అనడానికి మా వైపు వచ్చి చూడండి. నాకు ఇంజనీరింగ్ తెలియదు, ఇలాంటివి చదువుతుంటాను, అంతే. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలింది. నగరం మా మామిడికుదురు మండలంలోని ఊరు. లీకైన గ్యాస్ ఇళ్ల మధ్య పొగమంచులా కమ్ముకుంది. ఎక్కడో నిప్పు అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు మొదలంటా మాడి నల్లగా నిలబడ్డాయి. మా ముందుతరం వాళ్లు 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండిన సంగతి చెబుతారు. ఆ వెలుతురుకు రాత్రి పగలు తేడా తెలియలేదట. మీరు ఇక్కడ వాల్వుల మీద జోకులు వేసుకుంటుంటే బాగానే ఉంది. ఆ పైపు మా ఇంటి వెనక నుంచి పోతుంది.

తుప్పు_శాస్త్రి
కొత్త_రెంచి గారూ, కుర్రాడు రాసింది రెండుసార్లు చదవండి. నగరం లైను 18 అంగుళాలది, తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయేది. పొడి గ్యాస్ కోసం కట్టిన లైనులో నీరూ కండెన్సేటూ ఉన్న తడి గ్యాస్ పోయిందని, లోపలి తుప్పే మూలమని విచారణలో తేలింది. మీ టెర్మినల్‌లో గ్లైకాల్ యూనిట్ ఉంది కదా, అది ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా? దాన్ని దాటి వెళ్లే గ్యాస్ డ్యూ పాయింట్ రోజూ ఎంత వస్తోంది, స్పెక్ దాటిన రోజు ఎవరు ఏమి చేస్తారు, లైనులో పిగ్ (లోపల ఊడ్చుకుంటూ పోయే పరికరం) చివరిసారి ఎప్పుడు నడిపారు, దాని ముందు ఏమి కొట్టుకొచ్చింది? ఈ నాలుగూ తెలుసుకోండి. బీరువాలో పుస్తకాలు తర్వాత చదవవచ్చు.

చోక్_వాల్వ్
లంకల కుర్రాడికి నా క్షమాపణలు. జోకులు ఆపను గానీ, విషయం తలకెక్కింది.

కొత్త_రెంచి
అందరికీ ధన్యవాదాలు. లేఖ గారు చెప్పినట్టు డబ్బాలు గీశాను, బాబాయి గారు చెప్పినట్టు నడుస్తున్నాను. గ్లైకాల్ యూనిట్ అయింది. గ్లైకాల్‌ను కాచి నీరు తీసే రీబాయిలర్ ఉష్ణోగ్రతను 204 డిగ్రీలు దాటనివ్వరని, దాటితే గ్లైకాలే చెడిపోతుందని షిఫ్ట్ వాళ్లు చెప్పారు.

ఇప్పుడు ఒక సందేహం. ఒక పాత్ర మీద రెండు పీఎస్‌వీలున్నాయి. డ్రాయింగులో "ఏ" కింద ఐసోలేషన్ వాల్వుకు ఎల్‌ఓ, అంటే తెరిచి తాళం వేసి ఉండాలని ఉంది. "బి" కింద ఎల్‌సీ, మూసి తాళం. ఫీల్డులో చూస్తే అటుదిటు. ఏ మూసి ఉంది, బి తెరిచి ఉంది. ఇది పెద్ద ప్రమాదమా? ఎవరికి చెప్పాలి? కొత్తవాడిని, గోల చేస్తున్నానని అనుకుంటారేమో.

పానెల్_సూరి
చెప్పారా లేదా? ఇక్కడ రాసే ముందు కంట్రోల్ రూముకు ఫోను చెయ్యాలి.

ఇన్‌స్ట్రుమెంట్_పద్మ
సూరి గారన్నట్టు ముందు చెప్పండి. చాలావరకు ఇది స్టాండ్‌బైకి మార్చడమే అయి ఉంటుంది. ఏ పీఎస్‌వీని టెస్టుకు పంపి బి ని సర్వీసులో పెడతారు. రెండూ ఒకేసారి మూసుకోకుండా కొన్ని చోట్ల తాళంచెవుల ఇంటర్‌లాక్ ఉంటుంది, ఒకదాని చెవి ఇరుక్కుంటేనే రెండోదాని చెవి బయటికి వస్తుంది. మీరు చూడాల్సింది ఒకటే, ఒకటైనా పూర్తిగా తెరిచి తాళం వేసి ఉందా? ఆ మార్పు లాక్డ్ వాల్వ్ రిజిస్టరులో రాశారా?

మస్కట్_బాబాయి
పద్మ చెప్పిందంతా నిజమై, ప్రమాదమేమీ లేదని తేలినా నువ్వు అడగడం సరైన పనే. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫాలో 167 మంది పోయారు. మొదలు ఎక్కడో తెలుసా? ఒక కండెన్సేట్ పంపు పీఎస్‌వీని పగలు మరమ్మతుకు విప్పారు, ఆ చోట ఒక బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు నోటిని మూసే మూత) పెట్టారు, అది గట్టిగా బిగించలేదు. ఆ పర్మిట్ సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోతే ఈ పంపును నడిపారు. కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు చేరనందుకు జరిగింది అది. మన దేశంలో వర్క్ పర్మిట్‌కు చమురు పరిశ్రమ భద్రతా సంస్థ వాళ్ల ప్రమాణం ఓఐఎస్‌డీ 105 ఉంది. చిన్న పుస్తకం. ఏపీఐలు అన్నీ తర్వాత, ముందు అది చదువు. చదివాక ఒక షిఫ్ట్ హ్యాండోవర్‌లో వెనక నిలబడి విను.

నైట్_షిఫ్ట్
హ్యాండోవర్‌లో "అంతా మామూలే" అని చెప్పి బస్సు ఎక్కేవాళ్లను కూడా వింటారు. వాళ్లను గుర్తుపెట్టుకోండి.

కొత్త_రెంచి
చెప్పాను. పద్మ గారు ఊహించినట్టే, ఏ టెస్టు బెంచి మీద ఉంది. రిజిస్టరులో ఎంట్రీ కూడా ఉంది. కానీ బి కింది వాల్వుకు గొలుసు ఉంది, తాళం లేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి స్వయంగా నాతో వచ్చి చూసి తాళం వేయించారు. తిట్టలేదు. పైగా వచ్చే వారం లాక్డ్ వాల్వుల తనిఖీ మొత్తం నన్నే చెయ్యమన్నారు.

చోక్_వాల్వ్
అడిగినవాడికే పని తగులుతుంది. ఈ రంగంలో మొదటి సూత్రం ఇదే, ఏపీఐలో రాయలేదు.

పానెల్_సూరి
మంచి పనే తగిలింది. ఆ తనిఖీలో ప్లాంటంతా తిరుగుతారు, ఫీల్డు ఆపరేటర్లందరితో మాటలు కలుస్తాయి. వెళ్లేటప్పుడు వాళ్లను టీకి పిలవండి. మీ బీరువాలో లేనివన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి.

విశాఖ_పెట్రో
తనిఖీకి జాబితా ఎక్కడ నుంచి తెస్తారు? డ్రాయింగుల నుంచా, రిజిస్టరు నుంచా?

లేఖ_డిజైన్
రెండింటి నుంచీ వేరువేరుగా తయారు చెయ్యాలి. తర్వాత రెండింటినీ పోల్చాలి. రిజిస్టరును పట్టుకుని మాత్రమే తిరిగితే అందులో ఎక్కించడం మరిచిపోయిన వాల్వు ఎప్పటికీ దొరకదు. తేడా వచ్చిన చోట డ్రాయింగు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, సంతకం, తేదీ వేసి మాలాంటి వాళ్లకు పంపండి. మేము మాస్టర్ కాపీ సరిచేస్తాం.

మస్కట్_బాబాయి
ఎన్నాళ్లకు సరిచేస్తారో కూడా చెప్పు లేఖమ్మా.

లేఖ_డిజైన్
ఆ ప్రశ్న మా మేనేజరును అడగండి.

కొత్త_రెంచి
డ్రాయింగుల నుంచి జాబితా తీయడం మొదలుపెట్టాను. ఫ్లేర్ హెడర్ మీద ఉన్న వాల్వులు కూడా ఇందులోకి వస్తాయా? కొన్నిటికి ఎల్‌ఓ ఉంది, కొన్నిటికి సీఎస్‌ఓ అని ఉంది.

ఇన్‌స్ట్రుమెంట్_పద్మ
వస్తాయి. సీఎస్‌ఓ అంటే కార్ సీల్డ్ ఓపెన్, తాళం బదులు నంబరున్న సీలు. సీలు తెగిందా, దాని మీది నంబరు రిజిస్టరుతో కలుస్తోందా చూడండి. ఫ్లేర్ దారిలో మూసి కనిపించే వాల్వు ఒక్కటి ఉన్నా ముందు ఫోను, తర్వాత జాబితా.